అడిగే కుర్చీ

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, తన కూతురు తన కూతురు కాకుండా పోతుందేమోనని.

చీకటంటే భయం లేదు. అత్తగారి నోరంటే మొదట్లో ఉండేది, కాపురం పాతబడ్డాక అదీ పోయింది. ఈ ఒక్కటి మాత్రం పిల్ల పుట్టిన రోజు నుంచీ ఆమెను వదల్లేదు. ఆస్పత్రిలో నర్సు పిల్లను ఒళ్లు తుడవడానికి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి పక్కన పడుకోబెడితే, చుట్టిన గుడ్డ విప్పి వేళ్లూ చెవులూ తడిమి చూసుకుంది. అప్పటికి ఆమెకే పదిహేడేళ్లు. "నీ పిల్లేలే తల్లీ, మార్చుకుని మేమేం చేసుకుంటాం" అని నర్సు నవ్వింది. పక్క మంచాల వాళ్లూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, గుడ్డ మళ్లీ చుట్టేముందు ఇంకోసారి చూసుకుంది.

ఆ పిల్లకిప్పుడు పద్నాలుగేళ్లు. ఎదురింటి పిన్ని దానికి ప్రశ్నలపుట్ట అని పేరు పెట్టింది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అది అడగని విషయం లేదు. చేతి సూదికి బెజ్జం తలదగ్గర ఉంటే మిషను సూదికి మొనదగ్గర ఎందుకుంటుంది? లిఫ్టు కిందికి దిగేటప్పుడు కడుపులో ఏం జరుగుతుంది? మనం చూడనప్పుడు కూడా అద్దంలో గది ఉంటుందా? తల్లి ఇంట్లోనే కిటికీ పక్కన మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది, బిగుతైనవి వదులు చేసేది, పొట్టివైనవి మడత విప్పి పొడుగు చేసేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసుకునే మనిషిని పట్టుకుని పిల్ల ఎడాపెడా అడిగేది. అడగబోయే ముందు చిన్నగా ఊపిరి లోపలికి లాక్కునేది, నీళ్లలో మునగబోయే పిల్లలు లాక్కున్నట్టు. ఆ చప్పుడు వినపడితే చాలు, "నా తల తినకే" అనేసేది తల్లి.

జవాబులు తెలిస్తే కదా చెప్పడానికి. పదో తరగతి మధ్యలో ఆమెకు పెళ్లయింది. పెళ్లయ్యాక కూడా బడికి పంపిస్తామన్నారు. పంపించారు కూడా. ఇంతలో కడుపులో పిల్ల పడింది. ఆ తర్వాత బడి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆ ఏడు స్కూలుకు కొత్త సైన్సు టీచరమ్మ వచ్చింది. తల్లిదండ్రుల్ని పిలిచిన మీటింగులో పిల్లల మార్కుల ఊసే తీయలేదు. గదిలో కిటికీ దగ్గర రెండు మామూలు చెక్క కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. వాటిని చూపించి మాట్లాడింది.

"మీ పిల్లలకు జవాబులు బాగానే వచ్చు. అడగడమే రావడం లేదు. ఇంకొకళ్లను అడగడం తర్వాత, ముందు తమని తాము అడుక్కోవడం రావాలి. రోజూ ఒక్కో పిల్లో పిల్లాడో ఈ కుర్చీలో కూర్చుని, నిజంగా తనకు తెలియని ఒక సంగతి తననే అడుక్కుంటారు. లేచి, ఆ ఎదుటి కుర్చీలోకి మారి, తోచిన జవాబు చెప్తారు. మళ్లీ మొదటి కుర్చీలోకొచ్చి, విన్నది సరిగా ఉందో లేదో ఆలోచించుకుంటారు. పైకి చెప్పక్కర్లేదు. ఇంటి దగ్గర కూడా చెయ్యమన్నాను."

"మా ఇంట్లో కుర్చీలున్నవే రెండండీ, రెంటి మీదా బట్టలే ఉంటాయి" అన్నాడు ఎవరి తండ్రో వెనకనుంచి. అందరూ నవ్వారు.

టీచరమ్మ కూడా నవ్వి, "బట్టలు మంచమ్మీద పడేయండి" అంది. "రూలు మాత్రం ఒకటుంది. అడిగిన కుర్చీలోంచే లేచి వెళ్లాలి. జవాబు చెప్పిన కుర్చీలోంచి అటే వెళ్లిపోకూడదు."

"వెళ్తే ఏమవుతుంది మేడమ్?"

"పని సగంలో వదిలేసినట్టు" అంది టీచరమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. ఆ చెయ్యి తీసి పమిటకు తుడుచుకోవడం ఆఖరి బెంచీలో కూర్చున్న తల్లి ఒక్కతే చూసింది.

ప్రశ్నలపుట్టకు ఇంతకంటే ఏం కావాలి. సాయంత్రం బడినుంచి రాగానే వెనక గదిలో రెండు కుర్చీలు వేసుకుని తలుపు చేరవేసుకునేది. ముందుగదిలో మిషను తొక్కుతూ తల్లి వినేది. కుర్చీ కిర్రుమనేది, పిల్ల గొంతు ఏదో అడిగేది. మళ్లీ కిర్రుమనేది, ఎదుటి కుర్చీ పలికేది. రెండూ పిల్ల గొంతులే. కాకపోతే రెండోది కాస్త నిదానంగా, ఇస్త్రీ చేసినట్టు ఉండేది. మూడోసారి కిర్రుమన్నాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత తలుపు తెరుచుకునేది.

మొదట్లో మంచే జరిగింది. ఒకరోజు పిల్ల వచ్చి మిషను పక్కన చతికిలబడి, "అమ్మా, నేను నా ఫ్రెండుతో మాట్లాడ్డం మానేసింది కోపంతో కాదే, కుళ్లుతో. ఇవాళే తెలిసింది" అంది. మర్నాడు వెళ్లి ఆ స్నేహితురాలితో మాట్లాడింది కూడా. తల్లికి గొప్పగా అనిపించింది, గుబులుగానూ అనిపించింది. ఆ వయసులో తన మనసులో ఏముందో తనకు తెలియదు. ఈ వయసులో తెలుసా అంటే, అదీ చెప్పలేదు.

ఒక సాయంత్రం వాన మబ్బు పట్టి ఉంది. తల్లి నీలం లంగాకు అంచు కుడుతోంది. లోపల కుర్చీ కిర్రుమంది. పిల్ల ఊపిరి లాక్కోవడం తలుపు ఇవతలికి కూడా వినపడింది.

"నేను పుట్టకపోయుంటే అమ్మ ఏమయ్యుండేది? నేను పుట్టడం అమ్మకి నిజంగా ఇష్టమేనా?"

మిషను మీద తల్లి కాలు ఆగిపోయింది.

లోపల రెండో కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆ నిదానమైన గొంతు, "మీ అమ్మ..." అని మొదలుపెట్టింది.

"ఇదిగో, తినడానికి రా, చల్లారిపోతోంది" అని కేకేసింది తల్లి. పొయ్యి మీద ఇంకా ఏమీ పెట్టనే లేదు.

తలుపు తెరుచుకుంది. పిల్ల వచ్చి చేతులు కడుక్కుని బుద్ధిగా కూర్చుంది. ఖాళీ గిన్నెలు చూసి కూడా, చల్లారిపోయిందన్నావు కదా, ఏదీ అని అడగలేదు. హడావుడిగా వంట చేస్తున్న తల్లికి అప్పుడు తట్టింది. కుర్చీ మూడోసారి కిర్రుమనలేదు.

ఆ రోజు నుంచి పిల్ల ఏమీ అడగలేదు.

అడగకపోవడమంటే అలక కాదు, ముభావం కాదు. పలకరిస్తే పలికేది, నవ్వేది, చెప్పిన పని చేసేది. ఏది అడిగినా జవాబు చెప్పేది. "నల్లదారం రీలు ఎక్కడ పెట్టానే" అని తల్లి గొణుక్కుంటే, పక్కగదిలోంచే "పెడలు కింద, ఎడమపక్క" అనేది. అక్కడే ఉండేది. కొన్నాళ్లకు అడక్కముందే చెప్పడం మొదలుపెట్టింది. జ్వరమేమోనని తల్లి చెయ్యి చాపబోతుంటే, "లేదమ్మా, బాగానే ఉన్నాను" అనేది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

పరీక్షల్లో పిల్లకు క్లాసులోకల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఆ సంగతే రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఇన్నాళ్లూ చెవులు తూట్లు పడ్డాయి. ఇప్పుడు చూడు, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో."

"అదేమీ అడగడం లేదండీ."

"అడగకపోతే ఏడుస్తావు, అడిగితే కసురుతావు. నీకు పిల్ల కావాలా, ఇంకో రేడియో కావాలా?"

ఎదురింటి పిన్ని బిగుతైన జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి ఇంకో మాట అంది. "పుట్టకు మూత పడిందటగా. ఏం మందేశావో చెప్తే మావాడికీ వేస్తాను."

"మందేం లేదు పిన్నీ."

"దాచుకోకమ్మా. నా కళ్లముందు కాపురానికొచ్చినదానివి, నాకు చెప్పకపోతే ఎలా."

తల్లి ఒక్కతే కంటికి కునుకు లేకుండా తిరిగింది. ఇది తన భయమే తప్ప మరేం కాదని సర్దిచెప్పుకునేది. ఆస్పత్రిలో కూడా ఇలాగే అయింది కదా, అందరూ నవ్వారు కదా. పిల్ల ఎదిగింది, అంతే. ఎదిగిన పిల్లలు అమ్మల్ని ఏం అడుగుతారు.

యూనిఫారం పొట్టిదైపోయిందని కొత్తది కుట్టడానికి పిల్లను నిలబెట్టి కొలతలు తీసింది. పుస్తకాల సంచీ ఎప్పుడూ ఒకేపక్క వేసుకోవడంతో పిల్లకు కుడిభుజం కాస్త దిగి ఉంటుంది. బయటివాళ్లకు కనపడదు గానీ, ప్రతి ఏడూ ఆ పక్క కుట్టు కొంచెం లోపలికి తీసుకుని సరిచేసేది తల్లి. టేపు మెడ వెనకనుంచి వేసి చూసింది. మళ్లీ చూసింది. దిగి ఉన్నది ఎడమభుజం.

పాపిడి వంక చూసింది. ఎప్పుడూ ఎడమన తీసే పాపిడి కుడిపక్కన ఉంది.

"సంచీ చెయ్యి మార్చావా" అంది తల్లి.

"మార్చలేదమ్మా" అంది పిల్ల. నిజమే చెప్పింది. గోడకు తగిలించిన అద్దంలోంచి తల్లిని చూసి నవ్వింది. అద్దంలో మటుకు ఆ పిల్ల అచ్చం పాత పిల్లలాగే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, పిల్ల బడికి పోయాక, ఉతికిన బట్టలు సర్దడానికి తల్లి వెనక గదిలోకి వెళ్లింది. రెండు కుర్చీలూ ఆనాడు ఉన్నట్టే ఎదురెదురుగా ఉన్నాయి. జవాబు కుర్చీ మీద పిల్ల పాత సంచీ, తువ్వాలు, విప్పిన జడ రిబ్బన్లు. అడిగే కుర్చీ మీద మాత్రం ఏమీ లేదు. ఇన్నాళ్లూ దాని మీద ఎవరూ ఏమీ పెట్టలేదని అప్పుడు గమనించింది. చేతిలో ఉన్న మడతబెట్టిన దుప్పటి దాని మీద పెట్టి అటు తిరిగింది.

వెనక నుంచి ఊపిరి లాక్కున్న చప్పుడు వినపడింది.

చిన్నది. నీళ్లలో మునగబోయే పిల్లలు లాక్కున్నట్టు. ఆ తర్వాత రావాల్సిన మాట రాలేదు. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. దుప్పటి నేలమీద ఉంది, మడత చెదరకుండా, ఎవరో పక్కకు తీసి పెట్టినట్టు. అరచెయ్యి కుర్చీ మీద ఆనించింది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంది.

లేచి వెళ్లినట్టా, లేవకుండా కూర్చున్నట్టా?

చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేసి స్కూలుకు పోయింది. సాయంత్రం గంట కొట్టి పిల్లలంతా వెళ్లిపోయేదాకా గేటు దగ్గర పక్కకు నిలబడింది. తన పిల్ల తల వంచుకుని సరైన దారిలో, సరైన నడకతో వెళ్లడం చూసింది. తర్వాత లోపలికి వెళ్లింది.

టీచరమ్మ బోర్డు తుడుస్తోంది. విషయం విని డస్టరు కింద పెట్టింది. నవ్వుతుందనుకుంది తల్లి. నవ్వలేదు.

"నేనే మీకు కబురు పెడదామనుకున్నాను. మీ అమ్మాయి ఇదివరకు నన్ను పాఠం చెప్పనిచ్చేది కాదు, ప్రతిదానికీ చెయ్యెత్తేది. ఇప్పుడు ఎత్తడం లేదు. నేనేదైనా అడగబోతే, నేను పూర్తిచేయకముందే జవాబు చెప్తోంది. మిగతా టీచర్లు మెచ్చుకుంటున్నారు."

"మేడమ్, ఆ రోజు అది జవాబు కుర్చీలోంచే లేచి వచ్చేసింది. నేనే పిలిచాను."

టీచరమ్మ కిటికీ దగ్గరి కుర్చీల వైపు చూసింది. "ఆ రూలు నాకు మా టీచరు పెట్టింది" అంది. "ఎందుకని నేనూ అడిగాను. జవాబు దగ్గరే ఉండిపోయినవాళ్లు ఇక కదలరు, అడిగే ప్రాణం ఒక్కటే అడిగే కుర్చీలో మిగిలిపోతుంది అంది. పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పిన మాటనుకున్నాను."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"అడిగినదానికి జవాబు అందలేదు కదా. అందాలి. అందుకే అడిగిన పిల్ల అక్కడే కూర్చుని ఉంటుంది." కాస్త ఆగి అడిగింది. "ఆఖరున ఏమడిగిందో మీకు తెలుసా?"

"తెలీదండీ" అంది తల్లి.

టీచరమ్మ ఆమె మొహంలోకి చూసింది.

తెలియకేం. రోడ్డు పొడుగునా ఆ రెండు వాక్యాలే ఆమె పక్కన నడిచాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా, ఇంట్లో ఉన్న పిల్లతోనే సర్దుకుపోవడం తేలికేమో అని కూడా ఒక మూల అనిపించింది. మార్కులొస్తున్నాయి. భర్త సంతోషంగా ఉన్నాడు. భుజం సంగతి కుట్టులో సరిచేస్తే సరిపోతుంది. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందంటే, దానికే భయపడి ఆమె వడివడిగా నడిచింది.

సెలవు రోజు మధ్యాహ్నం భర్త డ్యూటీకి వెళ్లాడు. పిల్ల ముందుగదిలో లెక్కలు చేసుకుంటోంది, పెన్ను ఎక్కడా ఆగకుండా. తల్లి వెనక గదిలోకి వెళ్లి జవాబు కుర్చీ మీది సంచీ, తువ్వాలు తీసి మంచం మీద పడేసింది. కూర్చుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. కిటికీ వెలుగు దాని మీద పడుతోంది గానీ, కుర్చీ నీడ ఉండాల్సినదానికన్నా చిక్కగా ఉంది.

"నువ్వడిగింది విన్నాను" అంది. తన గొంతు తనకే వింతగా ఉంది. "కావాలనే పిలిచాను. ఆ జవాబు నీ నోట్లోంచి వినడం నా వల్ల కాలేదు."

ముందుగదిలో పెన్ను చప్పుడు ఆగింది.

"నువ్వు కడుపులో పడ్డావని చెప్పిన రోజు ఏడ్చాను. సంతోషంతో కాదు. నువ్వు వద్దనుకున్నాను. పైకి ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకు కూడా. నా యూనిఫారం ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. అది తీసి మడతపెట్టమన్నారు. మడతపెట్టాను."

"అమ్మా, ఆ కుర్చీలో ఎవరూ లేరు."

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. మొహంలో ఏ తేడా లేదు. "ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్తాను" అంది నిదానంగా. "నేను పుట్టినందుకు అమ్మకి సంతోషమే. అమ్మలందరికీ సంతోషమే. నువ్వు చదువు గురించి ఎప్పుడూ బాధపడలేదు. నీకు నేనే అన్నీ."

ఎంత చల్లని మాటలు. పుస్తకంలో అచ్చువేసినట్టున్నాయి. సరే అంటే చాలు, లేచి వెళ్లి టీ పెట్టుకోవచ్చు.

"కాదు" అంది తల్లి.

పిల్ల కళ్లు మొదటిసారి రెపరెపలాడాయి.

తల్లి మళ్లీ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "నువ్వు పుట్టకపోతే ఏమయ్యేదాన్నో నాకు తెలీదు. ఆ మాట నన్ను నేనెప్పుడూ అడుక్కోలేదు, అడుక్కుంటే ఏం వస్తుందోనని. బళ్లో ఉండగా ఒకసారి లేచి మాస్టార్ని అడిగాను, దీపం ఆర్పేస్తే రంగులు ఎక్కడికి పోతాయండీ అని. కూర్చోమన్నాడు. ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడు నీలం దారమూ నల్లదారమూ ఒకేలా కనపడితే అదే అనిపిస్తుంది నాకు. అది తెలుసుకునేదాన్నేమో. లేక అప్పుడు కూడా ఇలాగే బట్టలు కుడుతూ ఉండేదాన్నేమో. నువ్వు పుట్టడం ఇష్టమేనా అన్నావు. మొదట లేదు. నువ్వు పుట్టాక కూడా కొన్నాళ్లు లేదు. నిన్ను మార్చేశారేమోనని గుడ్డ విప్పి చూసుకున్నానని అందరికీ చెప్పి నవ్వుతారే, మార్చేసి ఉంటే బాగుండునని కూడా చూసుకున్నాను. తర్వాత ఎప్పుడు ఇష్టమయ్యావో నాకు గుర్తు లేదు. ఒకరోజు చూసుకుంటే అయిపోయి ఉన్నావు. ఇప్పుడు నువ్వు ఇంట్లో లేకపోతే నాకు ఊపిరి ఆడటం లేదు."

ఇంక చెప్పడానికేమీ మిగల్లేదు. కిందినుంచి ఎవరిదో స్కూటరు వెళ్లిన చప్పుడు వచ్చి తగ్గిపోయింది.

గుమ్మంలోని పిల్ల కదిలింది. నీళ్లలో నడుస్తున్నట్టు ఒక్కో అడుగే వేస్తూ వచ్చి అడిగే కుర్చీ ముందు ఆగింది. కూర్చోవడానికి భయపడింది. అది భయమేనని తల్లికి తెలుసు, ఇన్నాళ్లలో ఆ మొహంలో చూసిన మొదటి తెలియనితనం అది. తర్వాత, ఎవరి ఒడిలోనో కూర్చుంటున్నట్టు, మెల్లగా కూర్చుంది.

కుర్చీ కిర్రుమంది.

పిల్ల తల వాల్చేసింది. తల్లి చెయ్యి చాపబోయి ఆపుకుంది. చాలాసేపటికి పిల్ల భుజాలు కదిలాయి, ఛాతీ నిండా ఊపిరి లాక్కుంది.

"అప్పుడు నువ్వు ఏడ్చింది నాకోసమా, నీకోసమా?"

తల్లికి ప్రాణం లేచివచ్చింది. "తెలీదే" అంది. "ఆలోచించి చెప్తాను."

"మర్చిపోకుండా చెప్తావా?"

"చెప్తాను."

"నువ్వు కూడా ఇటొచ్చి కూర్చుని లేవాలి కదా, మరి ఆ కుర్చీలోంచి ఎలా లేస్తావు?"

నిజమే. ఆ సంగతి ఆమెకు తోచనే లేదు. పిల్ల కొంచెం పక్కకు జరిగింది. ఒక్క కుర్చీలో ఇద్దరూ ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఒకరికి గుచ్చుకుంటూ కూర్చున్నారు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరూ దాని వైపు చూడలేదు.

"అమ్మా, మా వెనక బెంచీలో లాండ్రీ ఆవిడ కూతురు లేదూ? అది కూడా ఇంట్లో కుర్చీలు వేసుకునేది. నెల పైనే అయింది, ఎవర్నీ ఏమీ అడగడం లేదు. మొన్న లెక్కల్లో నాకూ దానికీ సమానంగా వచ్చాయి. వాళ్లమ్మకి తెలుసంటావా?"

ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఒకేసారి లేచారు. తల్లి చెప్పులు వేసుకుంది. లాండ్రీ దుకాణం రెండు వీధులవతల ఉంది. వాళ్లు వెళ్లేసరికి లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "మా పిల్లకేం అమ్మా, బంగారం, ఏదడిగినా ఠక్కున చెప్తుంది" అంది మురిసిపోతూ. దుకాణం వెనక, పరదా చాటున, వేలాడే చొక్కాల మధ్య ఎవరో ఊపిరి లాక్కుని ఆగిపోయిన చప్పుడు తల్లికీ కూతురికీ ఇద్దరికీ వినపడింది.

ఆ ఒక్క పిల్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. కానీ ఎన్ని ఇళ్లకని వాళ్లిద్దరే వెళ్లగలరు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈమధ్య చాలా బుద్ధిమంతురాలైపోయిన పిల్ల ఉంటే, ఏదడిగినా చెప్తూ ఏమీ అడగడం మానేసిన పిల్లాడుంటే, ఇది పక్కన పెట్టి ఒకసారి వెళ్లి చూడండి. నన్నేమైనా అడగాలని ఉందా అని అడగండి. ఏమీ లేదని నవ్వుతూ చెప్తే, లేచి రాకండి. అక్కడే కాసేపు కూర్చోండి.